బండి కిందికి వంగి చూసేవారెవరు?

మిరప సీజన్లో ఏ తెల్లవారుజామునైనా మహబూబాబాద్ జిల్లా మరిపెడ బంగ్లా సెంటర్లో నిలబడి చూడండి. చుట్టుపక్కల తండాల నుంచి ఆడవాళ్లు సద్దిమూటలతో వచ్చి రోడ్డు పక్కన నిలబడతారు. తుఫాన్లు, ట్రాక్సులు, సుమోలు, క్వాలిస్‌లు, టవేరాలు, పాత బొలెరోలు ఒక్కొక్కటే వచ్చి ఆగుతాయి. పది మంది కూర్చునే బండిలో ఇరవై మంది సర్దుకుంటారు. వెనక నిచ్చెన పట్టుకుని ఇద్దరు ముగ్గురు వేలాడతారు. ఆ బండ్లలో చాలా వాటి నంబరు ప్లేట్ల మీద ఇప్పటికీ ఏపీ 36 అనో ఏపీ 20 అనో ఉంటుంది. అంటే 2014 జూన్‌లో తెలంగాణ రాకముందే ఉమ్మడి వరంగల్ జిల్లాలోనో ఖమ్మం జిల్లాలోనో రిజిస్టరైన బండ్లు. సుమోను 1994లో తెచ్చిన టాటా కంపెనీ 2019లో దాని తయారీ ఆపేసింది. 2000లో వచ్చిన క్వాలిస్ ఐదేళ్లకే ఇన్నోవాకు చోటిచ్చి తప్పుకుంది. తయారు చేసినవాళ్లు వాటి సంగతి వదిలేసి ఏళ్లు గడిచాయి. మా తండాల కూలీ బతుకు మాత్రం ఇంకా వాటి మీదే సాగుతోంది.

ఆ బండి అడుగున చాసీ ఎలా ఉందో ఎక్కిన ఇరవై మందిలో ఒక్కరికీ తెలియదు. తోలే డ్రైవరుకూ తెలియదు. అమ్మినవాడికి తెలిసినా చెప్పలేదు. పన్ను కట్టించుకున్న ప్రభుత్వం ఎన్నడూ అడగలేదు. ఇన్సూరెన్స్ తీసుకున్న కంపెనీ అడగలేదు. రోడ్డు మీద ఆపిన పోలీసు ఆర్సీ అడిగాడు, లైసెన్సు అడిగాడు, పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగాడు. కిందికి వంగి చూసినవాడు లేడు. ఒక్కడూ లేడు. నా కోపమంతా ఇక్కడే.

ఈ బండ్ల కట్టుబడి తెలిస్తే ఆ కోపం ఎందుకో అర్థమవుతుంది. ఈ కాలపు చిన్న కార్లకు విడిగా చాసీ ఉండదు, బాడీ మొత్తం కలిసి బరువు మోస్తుంది. సుమో, క్వాలిస్, బొలెరో, తుఫాన్ లాంటివి అలా కావు. కింద ముందు నుంచి వెనక దాకా రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డంగా క్రాస్ మెంబర్లు. దాని మీద బాడీని బోల్టులతో బిగిస్తారు. ఇంజిన్, గేర్‌బాక్స్, ముందు చక్రాలను పట్టుకునే ఆర్ములు, వెనక ఇరుసును మోసే కమాన్ పట్టీలు అన్నీ ఆ చాసీకే వేలాడతాయి. పైన తలుపు తుప్పు పట్టినా, టాపు చిల్లులు పడినా ప్రాణం పోదు. కమాన్‌ను చాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర ఉక్కు తినిపోతే మాత్రం ఒక గుంతలో పడ్డప్పుడు బ్రాకెట్ ఊడి వస్తుంది. ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తన దారిన తాను పోతుంది. ముందు లోయర్ ఆర్మ్ విరిగినా, బాల్ జాయింట్ ఊడినా చక్రం అడ్డం తిరిగి బండి కిందకే మడుచుకుపోతుంది. అరవై కిలోమీటర్ల వేగంలో అది జరిగితే ఎంత అనుభవమున్న డ్రైవరైనా చేయగలిగింది ఏమీ లేదు.

మంచు పడే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అక్కడ చాసీలు తుప్పు పడతాయని, మనది ఎండ దేశం కాబట్టి మనకు ఆ బాధ లేదని చదువుకున్నవాళ్లే చెబుతుంటారు. ఆ మాట చెప్పేవాళ్లు వానాకాలంలో మా ఊళ్లకు రాలేదు. పొలాల నుంచి ట్రాక్టర్లు కేజ్ వీల్స్‌తో మోసుకొచ్చిన బురద రోడ్డు నిండా ఉంటుంది. అది చక్రాల కింద నుంచి ఎగజిమ్మి చాసీ దూలాల మడతల్లో, పెట్టె ఆకారంలో ఉన్న భాగాల లోపల పేరుకుంటుంది. నీళ్లు కారిపోవడానికి కంపెనీ పెట్టిన రంధ్రాలు మట్టితో మూసుకుపోతాయి. పైన ఎండ కాస్తున్నా లోపలి బురద వారాల తరబడి తడిగానే ఉంటుంది. ఉక్కుకు తడి, గాలి చాలు.

మా దగ్గర ఉప్పు కూడా ఉంది. పొద్దున కూలీలను దించిన బండే మధ్యాహ్నం ఎరువుల బస్తాలు మోస్తుంది. పొటాష్ అని మనం చల్లేది పొటాషియం క్లోరైడ్, అది ఉప్పు జాతికి చెందినదే. యూరియా గాలిలోని తేమను లాక్కుంటుంది. బస్తా చిరిగి రాలిన గుళికలు సీట్ల కింది నుంచి, ఫ్లోరు సందుల్లోంచి జారి చాసీ మీద పడి తడిలో కరుగుతాయి. రోడ్డు ఉప్పు చేసే పని అవి నిదానంగా చేస్తాయి. తుప్పు ఉక్కు కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు ఉబ్బుతుంది, పొరలు పొరలుగా లేస్తుంది, ఆ పొరల మధ్య మళ్లీ తడి నిలుస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు లోపలి వైపు నుంచి పలచబడుతూ పోతుంది. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. చెద తిన్న దూలం పైకి బాగానే కనిపించినట్టు ఉంటుంది.

మా చిన్నాయన కొడుకు ఒక పాత బండి కొన్నాడు. కిరాయికి తిప్పుకుని నాలుగు డబ్బులు సంపాదిద్దామని. సీట్లకు కొత్త కవర్లు, బాడీకి కొత్త రంగు, అడుగున నిగనిగలాడే నల్ల కోటింగు. అంతకు ముందే ఆర్సీ రెన్యువల్ కూడా అయింది, ఐదేళ్లకు. ముద్ర ఉంది, సంతకం ఉంది. కొన్నాక కొన్ని వారాలకు గుంతల్లో పోతుంటే వెనక ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వస్తోందని ఖమ్మం రోడ్డు మీద ఒక వర్క్‌షాపుకు తీసుకుపోయాం. మెకానిక్ జాకీ పెట్టి లేపి, గోనె పరుచుకుని కింద పడుకున్నాడు. చిన్న సుత్తితో చాసీ మీద వరసగా కొట్టుకుంటూ పోయాడు. ఖంగు ఖంగుమని మోగుతున్నది కాస్తా వెనక కమాన్ బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మొద్దుగా పలికింది. స్క్రూడ్రైవర్ తీసుకుని అక్కడ గట్టిగా ఒత్తాడు. అది పిడి దాకా దిగిపోయింది. లోపలి నుంచి ఎర్రటి పొడి, ఎండిన మట్టి కలిసి అతని చొక్కా మీద రాలాయి.

“గిది సూడుండ్రి సార్,” అన్నాడు. “మీద రంగు సూత్తరు, సీట్లు సూత్తరు, టేపు మోగుతుందా లేదా సూత్తరు. కింద పండి సూసేటోడు ఎవడున్నడు?”

మా తమ్ముడు మాట్లాడలేదు. మూడు రోజుల కింద ఆ బండిలోనే పదిహేను మందిని కురవి వీరభద్రస్వామి గుడికి తీసుకుపోయి వచ్చాడు. వాళ్లలో వాడి బిడ్డ కూడా ఉంది.

ఆ రెన్యువల్ ఎలా జరిగిందో తర్వాత అడిగి తెలుసుకున్నాను. బండిని ఆఫీసు ఆవరణలో నిలబెట్టారు. హెడ్‌లైట్లు వేసి చూశారు, హారన్ కొట్టించారు. చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకున్నారు. అయిపోయింది. వాళ్లకు చాసీ మీదున్న నంబరు కావాలి, చాసీ అక్కర్లేదు.

తప్పు ఆ ఒక్క ఆఫీసుదో ఆ ఒక్క ఇన్‌స్పెక్టర్‌దో అని వదిలేద్దామంటే చట్టమే అడ్డు వస్తోంది. కిరాయికి తిరిగే పసుపు ప్లేటు బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. కొత్తలో రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా పరీక్ష చేయించుకోవాలి. సొంతానికి వాడుకునే తెల్ల ప్లేటు బండికి మాత్రం రిజిస్ట్రేషన్ ఒకేసారి 15 ఏళ్లకు ఇస్తారు. ఆ 15 ఏళ్లలో దాని అడుగు చూడమని ఏ అధికారినీ చట్టం ఆదేశించదు. పొగ పరీక్ష ఉంది, ఇన్సూరెన్స్ ఉంది, అంతే. మా దగ్గర కూలీలను మోసే బండ్లలో తెల్ల ప్లేటువి ఎన్ని ఉన్నాయో సెంటర్లో నిలబడితే పిల్లవాడికైనా తెలుస్తుంది. కాగితం మీద అవి కుటుంబం తిరిగే బండ్లు. రోడ్డు మీద ముఠా మేస్త్రి మాట్లాడుకున్న కిరాయి బండ్లు. ఇది రవాణా శాఖకు తెలియదా? పోలీసులకు తెలియదా? రోజూ వాళ్ల కళ్ల ముందు నుంచే పోతున్నాయి కదా.

15 ఏళ్లు నిండాక రెన్యువల్‌కు పోతే ఒకప్పుడు కారుకు ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 అన్నారు. ఫీజు పదహారు రెట్లు పెరిగింది. ఆ డబ్బుతో బండిని పైకి లేపి కింద చూసే ర్యాంపు ఒకటి వచ్చిందా? సుత్తి పట్టుకున్న మనిషి ఒకడు వచ్చాడా? పాత బండ్లను రోడ్డు మీద నుంచి తప్పించాలన్న ఉద్దేశంతో ఫీజు పెంచామంటారు. పదివేలు కట్టగలిగినవాడి చాసీ ఆ డబ్బుతో గట్టిపడుతుందా?

యంత్రాలతో పరీక్షించే కేంద్రాలు వస్తాయని 2021లో చెప్పారు. బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్ జారుడు అన్నీ మనిషి చేయి పెట్టకుండా యంత్రమే కొలుస్తుందన్నారు. మంచి మాట. 2023 ఏప్రిల్ నుంచి భారీ వాహనాలకు, 2024 జూన్ నుంచి చిన్న వాటికి తప్పనిసరి అన్నారు. తర్వాత అన్నిటికీ 2024 అక్టోబర్ అన్నారు. మళ్లీ గడువు జరిపారు. గడువులు జరపడానికి నోటిఫికేషన్లు ఠంచనుగా వస్తాయి. ఈ లోగా ఎవరి చాసీ తుప్పూ గడువు అడగదు.

వరద సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 తెల్లవారుజామున ఆకేరు వాగు మా మండలం మీద విరుచుకుపడింది. పురుషోత్తమాయగూడెం వంతెన దగ్గర హైదరాబాద్ వైపు పోతున్న ఒక కారు కొట్టుకుపోయి, యువ వ్యవసాయ శాస్త్రవేత్త ఒకరు, ఆమె తండ్రి ప్రాణాలు కోల్పోయారు. సీతారాంనాయక్ తండా నీట మునిగింది. అటు ఖమ్మంలో మున్నేరు కాలనీల మీదికి వచ్చింది, విజయవాడలో బుడమేరు నగరాన్ని ముంచింది. ముఖ్యమంత్రులు వచ్చారు, మంత్రులు వచ్చారు. ఇళ్లు లెక్కపెట్టారు, పంట లెక్కపెట్టారు, పశువులను లెక్కపెట్టారు. నీట మునిగిన బండ్లు మాత్రం ఆ తర్వాత ఎక్కడికి పోయాయో లెక్క పెట్టినవారు లేరు.

ఎక్కడికి పోతాయో మెకానిక్కులను అడిగితే చెబుతారు. ఇన్సూరెన్స్ ఉన్న బండి టోటల్ లాస్ కింద పోతే కంపెనీ దాన్ని వేలంలో అమ్ముతుంది. కొన్నవాడు ఇంజిన్ విప్పి కడుగుతాడు, వైరింగ్ మారుస్తాడు, సీట్లు మారుస్తాడు, రంగు వేస్తాడు. చాసీ దూలాల లోపల చేరిన ఒండ్రు మట్టిని ఎవరూ కడగరు, కడగడానికి చేయి పట్టదు కూడా. బయట కాలిన ఇంజిన్ ఆయిల్ పూసి పైన నల్ల రంగు కొడితే తళతళలాడుతుంది. తర్వాత ఆ బండి వేరే జిల్లాకో, వేరే రాష్ట్రానికో పోతుంది. అమెరికాలో అయితే వరదలో మునిగిన బండి కాగితం మీద ఆ ముద్ర వేస్తారు, దాన్ని కొనేవాడికి తెలుస్తుంది. మన ఆర్సీలో ‘నీట మునిగింది’ అని రాసే గడే లేదు. ఎన్ని చేతులు మారినా ఆ బండికి గతం ఉండదు.

పాత బండ్లు వచ్చే ఇంకో దారి ఉత్తరాది నుంచి ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీ చుట్టుపక్కల తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అప్పటి నుంచి అక్కడి పాత బండ్లకు ఎన్‌వోసీలిచ్చి ఇతర రాష్ట్రాలకు పంపడం పెద్ద వ్యాపారమైంది. ఢిల్లీ గాలికి పనికిరాని బండి ఇంకోచోట మనుషుల ప్రాణాలకు పనికొస్తుందని ఏ లెక్కన తేల్చారు?

చాసీ తుప్పు పట్టించుకోదగ్గ విషయమే కాదనేవాళ్లు టొయోటా కథ వినాలి. అమెరికాలో ఆ కంపెనీ అమ్మిన టకోమా పికప్‌ల చాసీలు తుప్పుతో చిల్లులు పడుతుంటే 2008లో 1995 నుంచి 2000 వరకు తయారైన బండ్లను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొన్నది. తర్వాతి ఏళ్లలో తయారైన టకోమాలు, టండ్రాలు, సెకోయా అనే పెద్ద ఎస్‌యూవీల మీద కూడా యజమానులు కలిసి కోర్టుకెక్కారు. 2016లో కంపెనీ రాజీకి ఒప్పుకుంది. దాదాపు 15 లక్షల బండ్లు, 340 కోట్ల డాలర్ల దాకా విలువ. ప్రతి బండినీ పైకి లేపి చూడాలి, చాసీలో పది మిల్లీమీటర్ల చిల్లు కనిపిస్తే చాసీ మొత్తం కొత్తది వేయాలి. పదే పది మిల్లీమీటర్లు. మా తమ్ముడి బండిలో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన ప్రతి కారునూ ఏటా పరీక్షిస్తారు. ఆ పరీక్ష 1960లోనే మొదలైంది. పరీక్ష చేసేవాడు బండిని పైకెత్తి, సస్పెన్షన్, స్టీరింగ్, సీటు బెల్టు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు ఎక్కడ ఉక్కు తినిపోయి బలహీనపడినా బండిని ఫెయిల్ చేస్తాడు. అతని చేతిలో ఉండేది చిన్న సుత్తి లాంటి పనిముట్టు. కోట్ల రూపాయల యంత్రం కాదు. మన ఖమ్మం రోడ్డు మెకానిక్ చేసిన పనే అతనూ చేస్తాడు. తేడా ఏమిటంటే, అక్కడ అతని మాటకు చట్టం విలువ ఉంది.

మన దగ్గర కూడా లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి తీసుకోవాలని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఏ సెక్షన్ పెట్టారు. 2021 ఏప్రిల్ నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. సంతోషించేలోపే చదవాల్సిన వాక్యం ఒకటుంది: తయారై ఏడేళ్లు దాటని బండ్లకే అది వర్తిస్తుంది. పైగా బాగా అమ్ముడైన మోడల్ అయితే వెయ్యికి పైగా ఫిర్యాదులు పోర్టల్లో నమోదు కావాలి. చాసీ తుప్పు ఏడేళ్లలోపు బయటపడే జబ్బు కాదని ఆ నిబంధన రాసినవారికి తెలియదని నేను నమ్మను. పదో ఏటో పన్నెండో ఏటో అది బయటపడేసరికి కంపెనీకి బాధ్యత లేదు, ప్రభుత్వానికి బాధ్యత లేదు. ఆ బండి మూడో చేతికో నాలుగో చేతికో వచ్చి, పోర్టల్ అంటే ఏమిటో తెలియని మనిషి దగ్గర ఉంటుంది.

ఇక ప్రమాదం జరిగాక ఏమవుతుందో కూడా చెప్పాలి. బండి పల్టీ కొడుతుంది. పోలీసులు వస్తారు. ‘అతివేగం, అజాగ్రత్త’ అని ఎఫ్ఐఆర్ రాస్తారు. మా ఊళ్లలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చి నుజ్జునుజ్జయిన బండిని చూసి రిపోర్టు ఇస్తాడు. ప్రమాదానికి యాంత్రిక లోపం కారణం కాదన్న వాక్యం ఎన్ని రిపోర్టుల్లో ఒకే తీరున ఉంటుందో కోర్టుల చుట్టూ తిరిగినవారెవరినైనా అడగండి. విరిగిన ఆర్మ్ ప్రమాదం వల్ల విరిగిందా, విరగడం వల్ల ప్రమాదం జరిగిందా? విరిగిన ముఖం చూస్తే చాలావరకు చెప్పవచ్చు. అప్పుడే విరిగిన ఉక్కు వెండిలా మెరుస్తుంది, పాత పగులు ముందే తుప్పు పట్టి గోధుమ రంగులో ఉంటుంది. ఇంజనీరింగ్ చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి ఇది. చూడాలి, ఫొటో తీయాలి, రాయాలి. అవేవీ జరగవు. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్రమే ప్రకటించింది. అందులో తుప్పు పట్టిన చాసీ ఎందరిని చంపిందో ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే ఆ గడి నింపాల్సినవారే కిందికి చూడలేదు.

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో నూరు మందికి పైగా ఉన్నారు. అది సర్కారు బస్సు, సర్కారు డిపోలో మరమ్మతు, సర్కారు పరీక్ష. అన్నీ ఒకే గొడుగు కింద ఉన్న చోటే అలా జరిగితే, ఎవరి గొడుగూ లేని తండా బండి సంగతి ఏమిటని ఆ రోజు ఎవరైనా ఆలోచిస్తారనుకున్నాను. నష్టపరిహారం ప్రకటించారు. కొన్నాళ్లకు అందరూ మరిచిపోయారు.

డ్రైవర్లను తిట్టడానికి నాకు నోరు రాదు. కొత్త బొలెరో కొనాలంటే పది లక్షల దాకా కావాలి. మా తమ్ముడి లాంటివాడు లక్షో లక్షన్నరో అప్పు తెచ్చి పాతది కొంటాడు, కిరాయిల్లో వచ్చేది డీజిల్‌కు, వడ్డీకే సరిపోతుంది. చాసీకి ప్యాచ్ వేయించడానికి వెల్డింగ్ షాపుకు పోతే అక్కడ రెండు వేలతో పని అయిపోతుంది. తినిపోయిన పలచటి ఉక్కు మీద పట్టీ పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ వేడికి పక్కనున్న ఉక్కు ఇంకా బలహీనపడి, తర్వాతి పగులు వెల్డింగ్ అంచునే మొదలవుతుందని అతనికి ఎవరు చెప్పారు? పాత బండిని తుక్కు కింద ఇస్తే కొత్తదాని పన్నులో సొంత బండ్లకు 25 శాతం దాకా, కిరాయి బండ్లకు 15 శాతం దాకా రాయితీ ఇస్తామని పథకం పెట్టారు. తుక్కుకు వచ్చేది కొత్త బండి షోరూమ్ ధరలో నాలుగు నుంచి ఆరు శాతం. కొత్త బండి కొనగలిగినవాడికే ఆ రాయితీ అక్కరకొస్తుంది. కొనలేనివాడు ప్యాచ్ వేయించుకుని మళ్లీ తెల్లవారుజామున బంగ్లా సెంటర్‌కు వస్తాడు. ఎక్కేవాళ్లకూ వేరే దారి లేదు. ఆ వేళకు వాళ్లు పోవాల్సిన చేను దాకా పోయే బస్సు లేదు. పేద డ్రైవరు, పేద కూలీ ఒకే తుప్పు పట్టిన ఉక్కు మీద కూర్చుని పోతున్నారు. వాళ్లిద్దరినీ ఆ స్థితిలో వదిలేసినవారికి మాత్రం ఏ సెక్షనూ తగలదు. లోపమున్న బండిని రోడ్డు మీదికి తెచ్చినవాడికి చట్టంలో ఉన్న జరిమానా 1500 రూపాయలు. ఆ జరిమానా పడేది కూడా మా తమ్ముడి లాంటివాడి మీదే.

నేను అడిగేది ఆకాశం నుంచి ఊడిపడాల్సిన పని కాదు. తెల్ల ప్లేటైనా పసుపు ప్లేటైనా, చాసీ మీద కట్టిన ప్రతి బండికీ ఏడో ఏట, తర్వాత రెండేళ్లకోసారి అడుగు పరీక్ష పెట్టండి. బండి చేతులు మారిన ప్రతిసారీ ఆ పరీక్ష కాగితం లేనిదే పేరు మార్చకండి. వరదలో మునిగిన బండి ఆర్సీ మీద ఆ మాట రాయండి. ప్రమాదమైన ప్రతి బండి చాసీ, ఆర్ములు, కమాన్ బ్రాకెట్ల ఫొటోలు రిపోర్టుకు జతచేయకపోతే ఆ రిపోర్టును కోర్టు ఒప్పుకోకూడదు. రీకాల్‌కు ఏడేళ్ల హద్దు ఎత్తేయండి. పనికిరాదని తేలిన బండిని ఆపితే దాని మీద బతికే డ్రైవరుకు వడ్డీ లేని అప్పు ఇచ్చి ఇంకో బండి కొనిపించండి, లేకపోతే ఆ తీర్పు వాడి కడుపు మీద కొట్టడమే అవుతుంది. మిరప సీజన్ నాలుగు నెలలు తండాల నుంచి పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు ఆర్టీసీ బస్సు వేయండి.

ఇవన్నీ కావడానికి చట్టాలు మారాలి, టైమ్ పడుతుందంటారా? సరే. ఒక్క పనికి ఏ చట్టమూ మారనక్కర్లేదు. మరిపెడ ఇప్పుడు మున్సిపాలిటీ. బంగ్లా సెంటర్ దగ్గర కాస్త స్థలం ఉంటే బండి ఎక్కించి కింద నిలబడి చూసే సిమెంటు ర్యాంపు ఒకటి కట్టవచ్చు. పక్కనే ఒక మెకానిక్‌ను, ఒక ఇన్‌స్పెక్టర్‌ను కూర్చోబెట్టి, కూలీలను మోసే బండ్లను సీజన్‌కు ముందు ఒక్కొక్కటిగా ఎక్కించి, సుత్తితో కొట్టి చూసి, బాగున్నదానికి ఒక స్టిక్కర్ అతికించవచ్చు. ఎక్కే ఆడవాళ్లు ఆ స్టిక్కర్ చూసి ఎక్కుతారు.

మహబూబాబాద్ జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా రవాణా అధికారి గారికి, డోర్నకల్ ఎమ్మెల్యే గారికి, మరిపెడ మున్సిపాలిటీకి నా విన్నపం ఇదే. జనవరిలో మిరప కోతలు మొదలవుతాయి. ఈలోగా ఆ ర్యాంపు కట్టండి.